నడకలో తట్టే ఊహ

కొత్త ఆలోచన రావాలంటే కదలకుండా కూర్చోవాలనుకుంటాం. కానీ 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడిచేటప్పుడు సృజనాత్మకమైన ఊహలు సగటున 60 శాతం పెరిగాయి. ఒకే సరైన జవాబున్న ప్రశ్నలకు మాత్రం నడక అక్కరకు రాలేదు. ఆ మాటా చెప్పుకోవాలి. మరి మన జీడిపప్పు ఊరు పలాస-కాశీబుగ్గ వీధుల్లో దుమ్ము, లారీల హారన్ల మధ్య ఊహలెక్కడివంటారా? ఆ ప్రయోగాల్లో ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినవారికీ మేలే జరిగింది. మన వీధి గోడకంటే ఎంతో నయం. గాలిలో జీడిపిక్కలు కాలిన వాసన, జీడి సొనకు నల్లబడ్డ వేళ్లతో క్యారేజీ పట్టుకుని పనికెళ్లే ఆడవాళ్లు: కథ రాసేవారికి ఇంతకన్నా ఏం కావాలి? ఎండెక్కకముందే బయల్దేరండి, ఫోను జేబులోనే ఉంచి, చుట్టూ చూస్తూ నడవండి.