దేహాలయమునకు జలసేవ



నిత్యము ప్రాతఃకాలమున స్నానమొనర్చి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరతలమున నిలిపి జలముతో అభిషేకించుచున్నాము. గురువు, లింగము, జంగమము, విభూతి, రుద్రాక్ష, మంత్రము, పాదోదకము, ప్రసాదము అను అష్టావరణములలో పాదోదకము జలరూపమైనదే. ఇంతగా నీటిని పూజ్యముగ భావించు మనము, మన దేహమునకును మన బిడ్డల దేహములకును వలసిన నీటిని ఇచ్చుచున్నామా? ఈ ప్రశ్నను నన్ను నేనే వేసికొనవలసి వచ్చిన సందర్భ మొకటి కలదు. మొదట దానిని విన్నవించుకొందును.

నేను వృత్తిచే తెలుగు పండితుడను. తరగతిలో క్రమశిక్షణ నాకు ప్రాణము. పాఠము జరుగుచుండగా నీళ్ళు త్రాగి వచ్చెదమని పిల్లలు చేయెత్తినచో, గంట కొట్టువరకు ఓర్చుకొనుడనుట నా అలవాటు. ఓర్పు నేర్పుచున్నానని నా నమ్మకము. ఒక ఫాల్గుణమున, ఎండలు ముదురుచున్న దినములలో, ఏడవ తరగతి బాలిక యొకతె పద్యము అప్పగించుచు నిలుచున్న చోటనే ఒరిగిపోయెను. నీడకు చేర్చి, ముఖము తడిపి, బాగుగా తేరుకొన్న పిదప ఉప్పు వేసిన పలుచని మజ్జిగను కొద్దికొద్దిగా త్రాగించితిమి. తోటి ఉపాధ్యాయిని బుజ్జగించి అడుగగా ఆ పిల్ల ఇట్లు చెప్పెను: "పొద్దుటినుంచి నీళ్ళు తాగలేదమ్మా. తాగితే బయటికి పోవాల గదా, మన బడి దొడ్డికి తలుపు లేదు. ఓర్వలేక ఒకసారి అడిగితే సారు కూర్చోమన్నారు."

ఆ సారు నేనే. ఆనాటి ఉదయము పాదోదకమును భక్తితో సేవించి వచ్చిన చేతితోనే, దాహమన్న బిడ్డను కూర్చుండుమని సైగ చేసితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దేహమును దేవాలయముగ భావింపుమని 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించెను. ఆ ఆలయ నిర్మాణమును కొంచెము పరిశీలింతము. వయోజనుని శరీరపు బరువులో సుమారు 60 శాతము నీరే. అప్పుడే పుట్టిన శిశువునందు అది 75 శాతము వరకు ఉండును. రక్తములోని ద్రవభాగములో నూటికి తొంబది పాళ్ళు నీరు. మన రెండు మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందులో అధికభాగమును తిరిగి రక్తమునకే అప్పగించి, మలినములతో కూడిన ఒకటి రెండు లీటర్లను మాత్రమే వెలుపలికి పంపును. రేయింబవళ్ళు విశ్రాంతి యెరుగని ఈ కాయకమునకు వలసిన ముడిసరకు నీరు. అది తగ్గినచో తలనొప్పి, నీరసము, మలబద్ధకము, ఏకాగ్రత లోపించుట మొదలగునవి కలుగును. చాలకాలము అట్లే సాగినచో మూత్రపిండములలో రాళ్ళు ఏర్పడుటకు అవకాశము హెచ్చును. ఎండలో ఆరుబయట శ్రమించువానికి గంటకు ఒక లీటరు వరకు చెమట పోవచ్చును. అట్టివాడు నీరు త్రాగకున్నచో వడదెబ్బకు చేరువైనట్లే.

మన పూర్వులు దీని నెరుగనివారు కారు. చరకసంహిత సూత్రస్థానమున, బలవంతముగ ఆపగూడని వేగములు పదుమూడు చెప్పబడినవి. వానిలో దాహమొకటి, మూత్రమొకటి. ఆ బాలిక ఆ రెండింటిని ఒక్కనాడే బిగబట్టినది. అట్లు బిగబట్టునట్లు చేసినది మనము.

అయినచో ఎంత త్రాగవలెను? అందరికి చెల్లు ఒకే కొలత లేదు. ఎండ, శ్రమ, వయస్సు, ఆహారము ననుసరించి అది మారును. అన్నము, చారు, మజ్జిగ, పండ్ల ద్వారా కూడ కొంత నీరు చేరుచుండును. సామాన్యులకు సులభమైన గురుతు ఒకటి కలదు. మూత్రము లేత పసుపుగ నున్నచో నీరు చాలినట్లు, ముదురు రంగున నున్నచో చాలనట్లు గ్రహింపవలెను. వృద్ధులకు దాహము సరిగా తెలియదు గనుక, కోడళ్ళు, మనుమలు వేళకు అందించుచుండవలెను. విరేచనములు పట్టినప్పుడు నీరు మానిపించుట పెద్ద పొరపాటు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇచ్చుచుండవలెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో కలరా ప్రబలినప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఇట్టి ద్రావణముతోనే ఎందరినో బ్రతికించెను.

అతి సర్వత్ర వర్జ్యము. ఒక్కపెట్టున లీటర్లకొలది త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచనై ప్రమాదము కలుగును. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. ఆరు నెలలు నిండని శిశువునకు తల్లిపాలే చాలును, వేరుగ నీరు పోయరాదు. నీరు శుభ్రమైనదిగ నుండుటయు ముఖ్యమే. కాచినచో సూక్ష్మక్రిములు చచ్చును గాని, నల్లగొండ ప్రాంతమును దీర్ఘకాలము పీడించిన ఫ్లోరైడు వంటి దోషము కాచుటచే పోదు. అట్టి తావుల శుద్ధిచేసిన నీటినే వాడవలెను.

శరణులారా! ఎదుటి ప్రాణి ఆకలిదప్పులను గమనింపని పూజాడంబరమును బసవేశ్వరుడు నిరసించెను. కాయకముతో పాటు ఆయన నేర్పినది దాసోహము. ఉగాదికి కన్నడ దేశమునుండి వేలకొలది భక్తులు నల్లమల అడవులగుండ కాలినడకన శ్రీశైల మల్లికార్జునుని దర్శింపవత్తురు. ఆ దారిలో మంచినీరందించు సేవకుని చేతిలోని చెంబునకు, గర్భాలయమున అభిషేకము చేయు కలశమునకు భేదమేమి? నడచి వచ్చిన జంగముని దాహము తీర్చుట లింగపూజయే యనుటలో మనకు సందేహము లేదు. అయితే మన యింట కట్టెలు మోసి వచ్చిన కూలి, మన పొలమున కలుపు తీయు తల్లి, మన తరగతిలో చేయెత్తిన పిల్ల — వీరి దాహము వేరొక దాహమా?

నా తప్పునకు ప్రాయశ్చిత్తముగ నేను చేసినది స్వల్పము. ఊరి పెద్దలను కలిసి, మఠమునకు విన్నవించి, తలా కొంత వేసికొని బాలికల మరుగుదొడ్డికి తలుపు, గడియ పెట్టించితిమి. 2019లో కేరళ పాఠశాలలలో పిల్లలు నీరు త్రాగుటకై ప్రత్యేకముగ గంట కొట్టుట ఆరంభించిరని పత్రికలలో చదివి, మా బడిలోను ఆ పద్ధతి పెట్టించితిమి. ఆ గంట మ్రోగినప్పుడు మొదట నేనే చెంబెత్తి త్రాగుదును. పిల్లలు నన్ను చూచి త్రాగుదురు.

మీరును మూడు నియమములు చేకొనుడని నా ప్రార్థన. పూజానంతరము ఒక లోటా నీరు త్రాగి దినచర్య నారంభింపుడు. వాకిటికి వచ్చినవానిని పని అడుగుటకు ముందు నీరడుగుడు. మీ ఊరి బడిలో నీరు, తలుపు రెండును ఉన్నవో లేవో ఒక్కసారి వెళ్ళి చూచి రండు. లింగమున కర్పించిన జలము పావనము. దప్పిగొన్నవాని గొంతు దిగిన జలమును అంతే పావనము.

 సర్వం శివార్పణమస్తు.