'వచ్చు'కి 'వచ్చదు' అనం కదా

అమ్మలూ,

నీ గోడ మీద జపనీసు క్రియల పట్టిక ఫొటో చూశాను. మొదటి గ్రూపుకి పచ్చ, రెండోదానికి నీలం, మూడోదానికి ఎరుపు. ముచ్చటగానే ఉంది. కానీ కింద ఓ మూల పెన్సిలుతో "అన్నీ కలిసిపోతున్నాయి తాతయ్యా" అని రాశావే, అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

జపనీసు సంగతి తర్వాత, ముందు మన మాట చూడు. 'నచ్చు'కి నచ్చదు అంటాం. మరి 'వచ్చు'కి? రాదు. 'ఇచ్చు'కి ఇవ్వదు, 'చచ్చు'కి చావదు, 'తెచ్చు'కి తేదు. తోక అందరిదీ ఒకటే, నడక ఎవరిది వాళ్లదే. దీనికి నీకెవరైనా రంగుల పట్టిక వేసి నేర్పారా? డాలస్‌లో మీ మామయ్య కొడుకు ఉన్నాడు చూడు, వాడు ఫోన్లో "నేను వచ్చను తాతా" అంటాడు. అందరూ పకపకా నవ్వుతారు గానీ వాడి లెక్క తప్పేం కాదు. నచ్చను, మెచ్చను అన్నట్టే వచ్చను అన్నాడు. 'వచ్చు' పక్కనే 'రాను' అన్న మాట వాడి చెవిన తగినన్నిసార్లు పడలేదు, అంతే.

జపనీసులో నీకు తలనొప్పి తెస్తున్న 'ఇరు', 'ఎరు' తోకలదీ అచ్చం ఇదే గోల.

నేను నగోయాలో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం ఫ్యాక్టరీలో పనైపోయింది. ఇంటికి వెళ్లొచ్చా అని అడగాలి. 'కయెరు' అంటే ఇంటికి తిరిగివెళ్లడం. నేను దాన్ని తబెరు, నెరు లాంటిదే అనుకుని, చివర 'రు' పీకేసి "కయెతె మొ ఈ దెస్ క" అన్నాను. మా పెద్దాయన కంగారుగా "నాని ఒ?" అన్నాడు. అంటే "దేన్ని?" అని. నేనేదో యంత్రంలో భాగం మార్చేస్తానంటున్నానని ఆయన అనుకున్నాడు. ఎందుకంటే 'మార్చడం' అనే మాట కూడా 'కయెరు'యే. మార్చడం రెండో గ్రూపు: కయెనై, కయెతె. వెళ్లడం మొదటి గ్రూపు: కయెరనై, కయెత్తె. ఒక్క ఒత్తు తేడాతో నేను ఇంకో అరగంట అక్కడే నిలబడాల్సి వచ్చింది. 'కల'కీ 'కల్ల'కీ తేడా తెలిసిన నోరు మనది, ఒత్తు పలకడం మనకో కష్టమా! పలకాలని తెలియకపోవడమే నా తిప్పలు.

అందుకని నా మాట ఒక్కటి విను. క్రియను ఒంటరిగా నేర్చుకోకు. 'కయెరు, కయెరనై' అని జంటగా నేర్చుకో. 'మిరు, మినై', 'హషిరు, హషిరనై' అని ఎక్కాల్లా పైకి చదువు. 'కాదు' అనే రూపం నోటికొస్తే గ్రూపు దానంతట అదే తెలుస్తుంది. 'నై' ముందు 'అ' స్వరం వినిపిస్తే మొదటిది, లేకుంటే, మూడో గ్రూపు మాటలు తప్పించి, రెండోది.

మొదటి గ్రూపుని జపాను పిల్లలు బడిలో 'గొదన్' అంటారు, అంటే ఐదు మెట్లు. నువ్వు మాత్రం గుణింతం అనుకో. రాయడానికి 'కకు' కదా. కక-నై, కకి-మస్, కకు, కకె-బ, కకొ-ఉ. క, కి, కు, కె, కొ! మన అ, ఇ, ఉ, ఎ, ఒ వరసే. ఇది కాకతాళీయం కూడా కాదు. సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల వల్లే వాళ్ల కాన పట్టికకి ఆ వరస వచ్చింది. క, స, త, న, హ, మ, య, ర, వ అని చదివి చూడు, మన వర్ణమాల మేనత్త కూతురిలా కనిపిస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఒకప్పుడు వీటికి నాలుగే మెట్లు. 'రాద్దాం' అనే రూపంలో 'క' రాసి 'కొ' పలికేవారు. 1946లో పలికినట్టే రాయాలని లిపి సంస్కరణ చేశాక ఐదో మెట్టు వచ్చింది. పరీక్షలో ఇది అడగరులే, నాకిష్టమని చెప్పాను.

రెండో గ్రూపులో గుణింతం లేదు. 'రు' తీసెయ్, కావలసింది అతికించు: తబెనై, తబెమస్, తబెతె. మూడో గ్రూపులో ఉన్నవి రెండే, సురు, కురు. 'కురు' అంటే రావడం. కిమస్, కొనై, కితె. చూశావా, వాళ్లకీ 'వచ్చు'తోనే పేచీ!

'రు' ముందు అ, ఉ, ఒ ఉంటే, ఆ సురు, కురు తప్పించి, కళ్లు మూసుకుని మొదటి గ్రూపులో వేసెయ్: వకరు, త్సుకురు, నొరు. చిక్కల్లా ఇ, ఎ ఉన్నప్పుడే. అప్పుడు కంజి వైపు, అంటే ఆ చైనా అక్షరం వైపు చూడు. వెళ్లే 'కయెరు'లో 'కయె' అంతా కంజి మింగేసి బయట 'రు' ఒక్కటే మిగులుతుంది. హైరు, హషిరు, షిరు కూడా అంతే. మార్చే 'కయెరు'లో, తబెరులో 'రు'తో పాటు ఇంకో అక్షరం బయట ఉంటుంది. చాలాసార్లు ఇది నిలబడుతుంది గానీ మిరు, నెరు, దెరు లాంటి పొట్టి మాటల దగ్గర పనిచేయదు. వాటికి మళ్లీ జంటే దిక్కు.

మీ పుస్తకం 'మిన్నా నో నిహొంగో' కదా. అది మర్యాదగా 'మస్' రూపంతో మొదలుపెట్టి, 14వ పాఠంలో 'తె' రూపం దగ్గరికి వచ్చేసరికి గ్రూపుల మాట ఎత్తుతుంది. 'మస్' తొడిగితే అసలు రంగు కనపడదమ్మా. 'ఒకిమస్' అంటే లేవడమూ కావచ్చు, పెట్టడమూ కావచ్చు. మొదటిది ఒకినై, ఒకితె. రెండోది ఒకనై, ఒయితె. ఇప్పటివరకూ నేర్చిన 'మస్' మాటలన్నిటి పక్కనా ఈ వారమే 'నై' రాసుకో.

'తె' రూపానికి భయపడకు. ఇంగ్లీషు వాళ్లు దానితో కుస్తీ పడతారు, నీకది పుట్టింటి సొమ్ము. 'తబెతె మిరు' అంటే 'తిని చూడడం', మాటకి మాట. 'తబెతె షిమత్త' అంటే 'తినేశాను', నొచ్చుకుంటూ అన్నా సరే. కాకపోతే మొదటి గ్రూపులో తోకను బట్టి మారుతుంది: నొము నొందె, మత్సు మత్తె, కకు కయితె. 'ఇకు' ఒక్కటి మొండిది, ఇత్తె అంటుంది. 'ను' తోక ఉన్నది ఇప్పటి భాషలో ఒకే ఒక్క క్రియ, షిను, అంటే చావడం. పాపం, ఒంటరిది.

ఇక ఆ గోడ మీద పట్టిక ఉంచుకుంటే ఉంచుకో, దాన్ని చూస్తూ మాత్రం మాట్లాడకు. అమ్మ కూరలు తరుగుతుంటే పక్కన కూర్చుని రోజుకి పది జంటలు పైకి చదువు. ఆదివారం ఫోన్ చేసి నేను 'కితె' అంటాను. రమ్మంటున్నానో, బట్టలు కట్టుకోమంటున్నానో ముందు నన్నే అడుగు.

తాతయ్య