పేరు ఆస్తియా, ఋణమా?

మనుష్యుడు తన ఇల్లు అమ్మవచ్చును, పొలము అమ్మవచ్చును. వానికి ఎల్లలు కలవు, దస్తావేజు కలదు, రిజిస్ట్రారు ముద్ర కలదు. కాని పేరును అమ్మవచ్చునా? అమ్మినచో కొన్నవానికి నిజముగా సంక్రమించినదేమి? ఇది తార్కికుల ప్రశ్నగా తోచవచ్చును. అయినను నేడది మన వంటయింటి అలమారలోనే కూర్చుండి యున్నది.

మన రాష్ట్రపు ఉదాహరణమునే చూతము. 1924లో మయ్య సోదరులు బెంగుళూరున ఒక చిన్న ఫలహారశాల పెట్టిరి. అదియే పిమ్మట మావళ్ళి టిఫిన్ రూమ్స్ అయి, ఎం.టి.ఆర్. అను మూడక్షరములతో వాసికెక్కెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బియ్యము కరవైనప్పుడు రవ్వయిడ్లీని కనిపెట్టినది ఆ వంటశాలయే యని ప్రతీతి. అచ్చటినుండి పెరిగిన పొట్లముల వ్యాపారమును 2007లో నార్వే దేశపు ఓర్క్లా సంస్థ సుమారు 8 కోట్ల డాలర్లకు కొనెను. ఫలహారశాల మాత్రము ఆ కుటుంబమువారి చేతనే నిలిచెను. కనుక ఒకే మూడక్షరములు నేడు ఇద్దరు యజమానుల వాకిళ్ళపై వ్రాయబడి యున్నవి. ఓర్క్లా 1654లో గనిపనితో మొదలైన సంస్థ. గనుల సంగతి మన జిల్లాకు క్రొత్తది కాదు గాని, గని త్రవ్విన సంస్థ సాంబారుపొడి వఱకు వచ్చుట విశేషమే. అది అంతటితో నిలువక 2021లో కేరళ దేశపు ఈస్టర్న్ మసాలాల సంస్థలోను అధికభాగమును చేజిక్కించుకొనెను.

ఆంధ్రదేశమున ఇట్టిదే మఱియొకటి కలదు. 1990 తరువాతి దశకమున తెలుగువారు స్థాపించిన తిరుమల పాల సంస్థను 2014లో ఫ్రాన్సు దేశపు లాక్టాలిస్ కొనెను. ఆ లాక్టాలిస్ 1933లో లావాల్ అను పట్టణమున ఆంద్రే బెన్యే అను నాతడు జున్ను చేయుటకు పెట్టిన చిన్న కార్ఖానా. ఇప్పటికిని ఆ కుటుంబమువారి సొత్తే. 2011లో ఇటలీ దేశపు పార్మలాట్‌ను వశము చేసికొని, ఆపై మన దేశమునకు వచ్చి, తిరుమల తరువాత 2016లో ఇండోరు ప్రాంతపు అనిక్ సంస్థ పాలవ్యాపారమును, 2019లో మహారాష్ట్రలోని ప్రభాత్ సంస్థ పాలవ్యాపారమును కొనెను. నేడది ప్రపంచమున పాలవ్యాపారము చేయు సంస్థలలో అగ్రగణ్యమైనది.

ఇంతటి ధనవంతులు తామే క్రొత్తపేరుతో అంగడి పెట్టరాదా యని చదువరులడుగవచ్చును. పెట్టవచ్చును. యంత్రములు ఆరునెలలలో వచ్చును. శీతలగృహములు ఏడాదిలో లేచును. కాని ప్రతి తెల్లవాఱుజామున పల్లెలలో పాలు పోయు రైతును, ఆ పాలను బిడ్డకు పట్టు తల్లిని నమ్మించుటకు ఇరువది ఏండ్లు పట్టును. కొనుటకు ఒక్క సంతకము చాలును. అందుచేతనే కొన్నవారు పొట్లముపై పేరు మార్పరు. పేరు మార్చినచో తాము కొన్నది పోవునని వారికి తెలియును.

మేము బహుకాలము గుమాస్తాగిరి చేసి, చిట్టా ఆవర్జాలతో ప్రొద్దుపుచ్చిన వారము. కావున ఈ విషయమును లెక్కల కాగితముపై చూచుట మాకు సుకరము. ఒక సంస్థను కొన్నప్పుడు దాని భూమి, భవనములు, యంత్రములు, సరకు, రావలసిన బాకీలు లెక్కగట్టి, అందులోనుండి తీర్పవలసిన అప్పులు తీసివేయుదురు. ఇచ్చిన వెల ఆ శేషముకంటె ఎక్కువయైనచో, ఆ అధికమును గుడ్‌విల్ అను పద్దుక్రింద వ్రాయుదురు. ఆ పద్దును ఆస్తుల వరుసలో చేర్తురు. లెక్కలశాస్త్రమున నది సరియే. ధర్మశాస్త్రమున సరియా?

గుడ్‌విల్ అనగా నేమి? తూకము తగ్గదని, కల్తీ కలియదని, పాలు పోసినవారికి డబ్బు వేళకు ముట్టునని జనులు ఉంచిన నమ్మకము. దానిని యజమాని ఒంటరిగా పుట్టించినవాడు కాడు. జనులు దినదినము కొంచెము కొంచెముగా అతని యొద్ద దాచినారు. ఒకరు నమ్మి దాచినది నిక్షేపము గాని ఆర్జితము కాదు. నిక్షేపమును ఉంచుకొన్నవాడు ఋణగ్రస్తుడు. కాబట్టి మా మతమున ఆ పద్దు అప్పుల వరుసలో నుండవలెను. పేరు కొన్నవాడు ఆస్తిని కొనలేదు. పాత యజమాని తీర్పవలసియున్న ఋణమును తన నెత్తికెత్తుకొన్నాడు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. స్థాపకులు చెమటోడ్చి పెంచినారు; ఫలమును అనుభవించు హక్కు వారికి లేదా యందురు. కలదు, మేమును కాదనము. పెద్ద సంస్థ మూలధనమును, పరీక్షాశాలలను, శీతలశకటములను తెచ్చునందురు. అదియు సత్యమే. కాని పరిమాణము పెరిగినకొలది తప్పు కూడ పెరుగును. 2017 డిసెంబరులో ఫ్రాన్సు దేశపు క్రాఁ అను ఊరిలోని లాక్టాలిస్ కార్ఖానాలో శిశువుల పాలపొడియందు సాల్మొనెల్లా అను క్రిమి కనబడెను. ఒక్క కార్ఖానా దోషమునకు 83 దేశములనుండి కోటి ఇరువది లక్షలకు పైగా డబ్బాలను వెనుకకు పిలువవలసి వచ్చెను. ఊరి పాలవాడు నీళ్ళు కలిపినచో నాలుగు వీధులకు నష్టము. అంతటి పేరు తప్పటడుగు వేసినచో ఖండములకు నష్టము.

ఈ ధర్మసూక్ష్మము మన ఊరివారికి పుస్తకములు చెప్పనక్కరలేదు. కొనుచు, పట్టుచు పెరిగిన ఒక వర్తక సంఘము ఒకప్పుడు మననే సంపాదించినది. 1800లో నైజాము తనయొద్ద నుంచుకొన్న సైన్యపు ఖర్చుక్రింద బళ్ళారి, కడప మొదలగు సీమలను ఈస్టిండియా కంపెనీకి ధారపోసెను. దత్తమండలములను పేరు అప్పటిదే. ఈ కంటోన్మెంటు ఆ కంపెనీవారి దండు నిలిచిన చోటే. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును రైతును అడుగలేదు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేండ్లు పల్లెలు తిరిగి, 1807లో శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలెనని వ్రాసెను. పైవారు అప్పట్లో దానిని అంగీకరింపలేదు. రైతు నడుమ తిరిగినవానికి ఈ సీమ ఋణముగా కనబడెను. దూరమున కూర్చున్నవారికి ఆస్తిగా కనబడెను. ఎవరు ఎచ్చట కూర్చుండి లెక్క వ్రాయుచున్నారనుటలోనే భేదమంతయు నున్నది.

1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినప్పుడును మన పెద్దలు ఇదే ప్రశ్న వేసికొనిరి. పాలించు చేయి మారినంతమాత్రమున పూర్వపు బాధ్యతలు తీరిపోవునా? తీరిపోవనియే వారి నమ్మకము. ఆ నమ్మకముతోనే వారు ఇచ్చట స్థిరపడిరి, కన్నడ సోదరులతో కలిసి బ్రదికిరి.

మఱి మనము చేయదగినదేమి? విదేశీయుల దను కారణమున పొట్లమును పాఱవేయుమని మేము చెప్పము. స్వదేశీయుడును ఋణమెగవేయగలడు. మన జిల్లాలో దొరకు నందిని పాలు పాలు పోయువారి సహకార సంఘములవి. అచ్చట నమ్మకము దాచినవారికే యాజమాన్యమున పాలు కలదు. ఒక్క సంతకముతో ఆ పేరు చేతులు మారదు. అట్టి సంస్థలను నిలుపుకొనుట మొదటి పని. కొనబడిన పేర్ల విషయమున, చేయి మారినప్పుడు ఆ సంగతి జనులకు స్పష్టముగా తెలుపుమనియు, పాలు పోసినవారి బాకీని లాభముకంటె ముందు తీర్పుమనియు, రుచియో నాణ్యమో మారినచో దాపకుండుమనియు అడుగుట రెండవ పని. అది భిక్ష కాదు, బాకీ వసూలు.

పొట్లము ముందువైపున పెద్ద అక్షరములలో నుండునది పేరు. వెనుకవైపున చిన్న అక్షరములలో నుండునది నేడు ఆ ఋణము మోయుచున్నవాని చిరునామా. మన పిల్లలకు ఆ రెండవది చదువుట కూడ నేర్పుదము.