ఇచ్చు గోవుపై మోపు భారము

శ్రావకుని అహింసాణువ్రతమునకు పెద్దలు ఐదు అతిచారములను చెప్పిరి: కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మితిమీరిన భారము మోపుట, అన్నపానములను అడ్డగించుట. వీనిలో నాలుగవదైన అతిభారారోపణము అనగానే బండియెద్దు మెడపై కాడి జ్ఞప్తికి వచ్చును. నేడు కంటికి కనబడని భారము మరియొకటి వచ్చినది. అది ప్రయోగశాలలో పశుపిండములను ఉత్పత్తి చేయు విధానము.

మేలుజాతి ఆవు అండాశయమునుండి సూదితో అండములను తీసి, ఒక దినము పక్వము చేసి, వీర్యముతో కలిపి, ఏడు దినములు పెంచి, పిండమును వేరొక ఆవు గర్భమున నుంతురు. ఏడాదికొక్క దూడను ఈనెడి ఆవునకు ఇట్లు పదుల సంఖ్యలో సంతతి కలుగును. తీసిన అండములలో పిండదశకు చేరునవి సాధారణముగా మూడవ వంతు మాత్రమే.

ఇందు జాతికిని, ఋతువునకును గల ప్రభావము గొప్పది. మన ఒంగోలు పశువులనుండి బ్రెజిల్ దేశమున వృద్ధియై, నెల్లూరు పేరనే పిలువబడు నెలోర్ జాతి ఆవు, ఒక్క సేకరణలో హోల్‌స్టీన్ ఆవుకంటె తరచు రెండింతల అండముల నిచ్చును. ఎండకు హోల్‌స్టీన్ అండములు త్వరగా చెడును. మూపురపు జాతులు కొంత ఓర్చుకొనును. అయినను ఆ ఓర్పునకు హద్దు గలదు. అండము పెరుగుటకు నెలలు పట్టును గనుక వేసవి దెబ్బ వేసవితో పోదు. చల్లబడిన పిదప గూడ కొన్ని వారములు ఫలితము తగ్గియే యుండును. గిర్ ఆవులయందును ఈ సంగతి కనబడినది.

2023లో బ్రెజిల్‌లో ఒక నెలోర్ ఆవు విలువ సుమారు 40 లక్షల డాలర్లుగా తేలినది. ఆ వెల దాని పాలకు కాదు, సంతతికి. ఇంత వెల పెట్టినవాడు ఫలితము తగ్గిన నెలలో ఏమి చేయును? లోటు పూడ్చుటకు మరల మరల సూది గ్రుచ్చునా? లేక ఆవునకు విశ్రాంతి నిచ్చునా? ధర్మప్రశ్న ఇచ్చటనే యున్నది.

ఈ విద్య సర్వథా నింద్యము కాదు. క్షీణించు జాతులను నిలుపుటకు ఇది తోడ్పడగలదు. సూది బాధ తెలియకుండ మందును ఇత్తురు. కాని మందు నొప్పిని అణచునేగాని భారమును తగ్గింపదు. ఎక్కువ ఇచ్చు జాతినుండి ఎక్కువ తీయవచ్చుననుట లెక్క మాత్రమే, న్యాయము కాదు.

అనావృష్టి యేట బాకీదారుని పీడింపని షావుకారును లోకము మెచ్చును. నోరులేని గోవు తన అశక్తతను తగ్గిన ఫలితముతోనే చెప్పుకొనును. పాడిపరిశ్రమలో సొమ్ము పెట్టు గృహస్థులు లాభము నడుగుటకు ముందు ఈ మూటిని అడుగవలెను: వేసవిలో సేకరణ ఆపుదురా? పిండమును మోయు ఆవునకు పోషణ గలదా? పుట్టిన కోడెదూడ గతి యేమి?