రేఖ, రీతి, సంవాదం: సిరాగీతల యంత్రానుకరణపై ఒక విచారణ

కొరియా చిత్రకారుడు కిమ్ జంగ్ గీ 2022 అక్టోబరు 3న పారిస్‌లో మరణించాడు. పెన్సిలుతో ముందుగా రూపుకట్టుకోకుండా, ఎదుట నమూనా లేకుండా, గోడంత కాగితంపై నేరుగా సిరాతో జనసమ్మర్ద దృశ్యాలు గీయడంలో ఆయన ప్రసిద్ధుడు. ఆయన పోయిన కొద్ది రోజులకే ఆయన బొమ్మలతో శిక్షణ పొందిన కంప్యూటర్ నమూనా ఒకటి బహిరంగంగా వెలువడింది. దానిని వాడుకునేవారు తన పేరు పేర్కొనాలని రూపకర్త కోరాడు.

సిరాగీతను యంత్రానికి నేర్పడం కొత్త ప్రయత్నమేమీ కాదు. 1994లో వింకెన్‌బాక్, సాలెసిన్‌లు ప్రతిపాదించిన పద్ధతిలో ఇటుక, చెక్క వంటి ఉపరితలాలకు తగిన గీతల అల్లికలను వెలుగునీడలను బట్టి యంత్రం అమర్చేది. అక్కడ నేర్పినది వృత్తివిద్య. పాఠ్యగ్రంథాలలో ఉన్నది, అందరిదీ. 2022లో నేర్పినది ఒక మనిషి రీతి. రీతిని కావ్యాత్మగా ప్రతిపాదించిన వామనుని ఇక్కడ సాక్షిగా పిలవడం కష్టం. వైదర్భి, గౌడి, పాంచాలి దేశాలను బట్టి వచ్చిన పేర్లు, వ్యక్తులను బట్టి వచ్చినవి కావు.

ఆనందవర్ధనుడే ఎక్కువ అక్కరకు వస్తాడు. ధ్వన్యాలోకం నాల్గవ ఉద్యోతంలో ఆయన కవుల మధ్య సంవాదాన్ని ప్రతిబింబం, ఆలేఖ్యం, తుల్యదేహి అని విభజించి, మొదటి రెండింటినీ త్యాజ్యాలుగా, తనదైన ఆత్మ గల మూడవదానిని గ్రాహ్యంగా నిర్ణయించాడు. యంత్రచిత్రం సాధారణంగా ఏ ఒక్క మూలచిత్రానికీ ప్రతిబింబం కాదు కనుక పైకి తుల్యదేహిలా కనిపిస్తుంది. కాని ఈ కోవ నమూనాలు గీత గీయవు. చుక్కల గందరగోళం నుంచి బొమ్మ మొత్తాన్నీ అంచెలంచెలుగా తేరుస్తాయి. కిమ్ చేతిలో గీత చెరపడానికి వీలులేని నిర్ణయం. ప్రతి గీతా తరువాతి గీతను కట్టడి చేస్తుంది. యంత్రానికి అందేది ఆ నిర్ణయం వదిలిన జాడ మాత్రమే.

శిష్యుడూ అనుకరిస్తాడు కదా అన్న ఆక్షేపం బలమైనదే. బాపు గీత ప్రభావంతో తెలుగు పత్రికలలో ఎన్నో చేతులు తయారయ్యాయి. వాటిని చౌర్యమనడం సబబు కాదు. అనుకరించే చెయ్యి తన అశక్తత వల్లనే కొంత పక్కకు జారి సొంతదవుతుంది. యంత్రశిక్షణలో ఆ జారుడు తగ్గించవలసిన దోషం.

చట్టం సాధారణంగా శైలికి రక్షణ ఇవ్వదు. అందువల్ల దొంగతనమన్న మాట నిలవకపోవచ్చు. మిగిలేది అనుమతి ప్రశ్న. ఏకలవ్యుడూ అనుమతి లేకుండానే నేర్చాడు. గురువెవరని అడిగినప్పుడు మాత్రం ద్రోణుని పేరే చెప్పాడు. ఈ నమూనా రూపకర్త చెప్పమన్నది తన పేరు.