దాసోహమా? ప్రకటనయా?

బసవ జయంతికి ధనమిచ్చినవాని పేరు ఎక్కడ వ్రాయవలెను? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని మా ఊరి మఠములో ఒక సాయంకాలము యువకులు దీనినే పట్టుకొని దీపములు పెట్టిన వేళ నుండి నడిరేయి వరకు వాదించుకొనిరి. వయసులో పెద్దవాడనని నన్ను పిలిచి నిర్ణయము చెప్పుమనిరి. ఆనాడు నేను చెప్పలేకపోతిని. తరువాత ఆలోచించినది ఇక్కడ వ్రాయుచున్నాను. ఇట్టి చిక్కు ఇతర గ్రామముల శరణ బంధువులకును కలుగుచునే యుండును గదా.

మా ఊరిలో మూడేండ్లుగా జయంతిని యువకులే నడుపుచున్నారు. మొదటి యేట అరువది మందితో, మఠపు వసారాలో, ఇంటింటి నుండి తెచ్చిన బియ్యముతో అది ముగిసినది. ఇప్పుడు ఊరేగింపు, వచన గాన పోటీలు, పిల్లల ప్రసంగములు, రెండు పూటల ప్రసాదము వరకు పెరిగినది. రాబోవు జయంతికి చుట్టుప్రక్కల ఊళ్లవారిని గూడ పిలువవలెనని వారి సంకల్పము. షామియానా, మైకు, బస్సులు, బహుమతులు అన్నియు కాగితముపై వేసి చూడగా, చందాల వలన వచ్చునది ఖర్చులో మూడవ వంతునకు మించదని తేలెను. అంతలో ఇండ్ల స్థలముల వ్యాపారి యొకరు, మనవారే, ఇష్టలింగధారియే, మిగిలిన రెండు వంతులును తామే ఇచ్చెదమని కబురు పంపిరి. వారు కోరినది ఒక్కటే. వేదికపై బసవేశ్వరుని పటమునకు మీదుగా తమ సంస్థ పేరు ఉండవలెను. ఆహ్వాన పత్రికపై తమ ఛాయాచిత్రము అచ్చు కావలెను.

యువకులలో సగము మంది ఒప్పుకొందమనిరి. వారిని నేను నిందింపను. పెద్దలమైన మేము ఏండ్ల తరబడి జయంతిని నాలుగు గోడల నడుమ జరిపి, పిల్లలు రాలేదని నిట్టూర్చితిమే గాని, వారు వచ్చునట్లు ఏమియు చేయలేదు. 1913లో దావణగెరెలో హర్డేకర్ మంజప్పగారు బసవ జయంతిని బహిరంగోత్సవముగా ఆరంభించిరి. 1886లో జన్మించిన ఆయనకు అప్పటికి ఇరువదియేడేండ్లు. ఈ పండుగను వీధిలోనికి తెచ్చినవాడు యువకుడే యనుమాట మనము మరువరాదు. కావున పెరుగవలెనను కోరికలో దోషము లేదు. ఎవని భుజముల మీద పెరుగుచున్నది యనునదే విచారింపవలసినది.

దానమునకును దాసోహమునకును గల భేదము మన పిల్లలకు తెలిసినదే. కాని లెక్కల పుస్తకము ముందు కూర్చున్నప్పుడు అది జ్ఞాపకము రాదు. దానములో ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహములో ఇచ్చువాడే దాసుడు. తన కాయకము వలన వచ్చినది ఇంటికి చాలినంత ఉంచుకొని, మిగిలినది సంఘమునకు సమర్పించి, సమర్పించితిననుమాటను గూడ వదలుకొనవలెను. ఇక మా కుర్రవాండ్రు స్పాన్సరు అనుచున్నది ఈ రెంటిలో ఏది? నా దృష్టిలో రెండును గాదు. అది క్రయము. వ్యాపారి ధనమిచ్చి, గుమిగూడిన జనుల చూపును కొనుచున్నాడు. క్రయము పాపమని నేననను. కల్యాణములోని శరణులలో అమ్మినవారును కొన్నవారును ఉండిరి. కాని అమ్మువాడు తానేమి అమ్ముచున్నాడో ఎరిగి యుండవలెను. అమ్మరానిది ఒకటి అంగడిలో కలసిపోవుచున్నదేమో చూచుకొనవలెను. పటమునకు మీది చోటు అట్టిది. అది సంఘము సొత్తు గాదు. సంఘము సొత్తు గానిదానిని సంఘము అమ్మజాలదు.

ఇక్కడ ఆయ్దక్కి మారయ్య కథ నాకు పదే పదే తోచుచున్నది. నేలరాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆ బియ్యముతోనే ఆ దంపతులు జంగములకు దాసోహము చేయుచుండిరి. ఒకనాడు ఆయన అలవాటునకు మించిన బియ్యము తెచ్చెను. చూచిన భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అధికమైనది ఎక్కడనుండి తెచ్చితివో అక్కడనే పోసి రమ్మనెను. ఈ కథను మనము దురాశ కూడదని చెప్పుటకు వాడుచుందుము. నాకు మరియొకటి కనిపించుచున్నది. ఆ అధికపు బియ్యము దొంగసొమ్ము గాదు; దానితో మరి పదిమందికి అన్నము పెట్టవచ్చును. అయినను ఆమె వద్దనెను. ఏలయన, నేడు మించి వచ్చిన గింజలు రేపటి దాసోహమునకు కొత్త కొలత పెట్టును. ఆ కొలతను తమ చేతులు నిలుపలేవు. అప్పుడు కాయకము ఏరుట గాక, ఎక్కడ అధికముగా రాలునోయని కాచుకొని యుండుట యగును. మా కుర్రవాండ్ర లెక్క కాగితము చూచినప్పుడు నాకు ఆ తల్లియే జ్ఞాపకమునకు వచ్చినది. మూడింట రెండు వంతులు ఒక్కడు ఇచ్చిన ఉత్సవము, మరుసటి యేట ఆ ఒక్కని వ్యాపారము తగ్గినయెడల ఏమగును? వ్యాపారము తగ్గకున్నను, వక్తను ఎన్నుకొనునప్పుడు, ఊరేగింపు ఏ వీధి గుండ పోవలెనో నిర్ణయించునప్పుడు, అతని ముఖము చూడకుండ ఎవడు మాటాడగలడు?

ఒక బుద్ధిమంతుడైన యువకుడు నన్ను అడ్డుకొనెను. "తాతగారూ, మన కళాశాలలకు దాతల పేర్లు లేవా?" అనెను. ఉన్నవి. బెళగావిలో 1916లో ఉపాధ్యాయులు స్థాపించిన కె.ఎల్.ఇ. సంస్థ కళాశాలలలో లింగరాజ కళాశాల ఉన్నది. రాజా లఖమగౌడ పేరు గలదియు ఉన్నది. శిరసంగి లింగరాజుగారు తమ సంస్థానపు ఆస్తిని మన పిల్లల విద్యకై మరణశాసనములో వ్రాసి 1906లో లింగైక్యులైరి. ఆ పేరు కృతజ్ఞతతో ఇతరులు పెట్టినది. పెట్టించుకొనుటకు ఆయన లేరు. ఈ సమాధానము ఆ యువకునికి పూర్తిగా తృప్తి కలిగింపలేదు. నిజము చెప్పవలెనన్న నాకును పూర్తిగా కలిగింపలేదు. బ్రతికియున్న దాతల పేర్లు గల గదులు మన విద్యార్థి వసతి గృహములలో ఎన్ని లేవు! కాని ఒక భేదము మాత్రము నిలుచును. గది కట్టించినవాడు గదిని వదలి పోవును. పిల్లవాడు అందులో చదువుకొనును. వేదిక మీద పేరు ఆ ఒక్క పూటకు జనులను చూపించుకొని పోవును.

ఇక లెక్కల మాట. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో బసవన్న బిజ్జలుని భండారి. జంగములకు రాజధనము పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజునకు చెప్పగా, భండారము తెరచి లెక్కించిరి. ఒక్క మాడయు తక్కువ గాలేదు. ఈ ఘట్టమును మహిమగా వినుట మన అలవాటు. మహిమ నట్లుంచి, అడిగిన క్షణమున తాళము తీసిన ఆ భండారి సంసిద్ధతను చూడుడు. మా యువకులకు నేను గట్టిగా చెప్పినది ఇదియే. సంఘమును 2001 నాటి సంఘముల నమోదు చట్టము క్రింద నమోదు చేయించుడు; బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకములతో నడుపుడు; ప్రతి రూపాయికి రసీదు వ్రాయుడు; ఉత్సవము ముగిసిన పక్షములోగా జమాఖర్చులు మఠపు గోడకు అంటింపుడు. మా కాలపు పెద్దలము ఇది చేయలేదు. జేబులో నుండి తీసి, జేబులో వేసి, నమ్ముమంటిమి. అందుచేతనే పదేండ్లకొక తగవు వచ్చెడిది.

వ్యాపారి విషయమున చివరకు ఇట్లు నిశ్చయమైనది. సంచికవంటి చిన్న పుస్తకము ఒకటి అచ్చువేసి, అందులో ఎవరైనను ప్రకటన కొనవచ్చును. ధర ఒక్కటే, చిన్నవానికిని పెద్దవానికిని. అది అమ్మకమని ఒప్పుకొని అమ్మినది. వేదికకును, ప్రసాదమునకును ఏ పేరును ఉండదు. ఒక్కని చేతినుండి వచ్చునది మొత్తములో పదియవ వంతునకు మించరాదు. ప్రతి యింట ఒక గుడ్డసంచి వ్రేలాడదీసి, వంటకు ముందు పిడికెడు బియ్యము అందులో వేయవలెను. బస్సుల సంఖ్య తగ్గించిరి. ప్రక్క ఊళ్లన్నిటికి బదులు ఈ యేట రెండు ఊళ్లు. అచ్చటి యువకులు తమ బియ్యము తామే తెచ్చి, మన పొయ్యి మీద వండెదరు. ఆ వ్యాపారికి ఇద్దరు వెళ్లి మర్యాదగా చెప్పి వచ్చిరి. ఆయన పుస్తకములో అరపుట తీసికొనిరి. కొంచెము నొచ్చుకొనిరనియు వింటిని.

లేచి పోవునప్పుడు ఒక పిల్లవాడు, అంతవరకు మాటాడనివాడు, అడిగెను: "మా నాయన మద్యం దుకాణములో లెక్కలు వ్రాయును. మా యింటి పిడికెడు బియ్యము పనికివచ్చునా?" అందరును నా వైపు చూచిరి. మద్యపు వ్యాపారి ప్రకటన వద్దని అంతకు గడియ ముందే నేను చెప్పియుంటిని. శరణులలో కల్లు అమ్మిన హెండద మారయ్య ఉన్నాడని మాత్రము వానికి చెప్పితిని. మరునాడు వాని యింటను సంచి కట్టిరి. నేను చెప్పిన రెండు మాటలును ఎట్లు పొసగునో ఇంకను ఆలోచించుచునే యున్నాను.