ఇంటి సెలవు

రాయపూరునకు ఉత్తరమున, బిలాసపూరు త్రోవలో సిల్తారా కలదు. ఇనుము, ఉక్కు కర్మాగారములతో నిండిన ప్రదేశమది. వేసవిలో అచటి పిల్లలకు పగలంతయు తీరికయే. కొలిమి చల్లారదు గనుక తండ్రికి తీరిక లేదు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు పగలు నిద్రించును. అలికిడి చేయవలదని తల్లి పిల్లలను వారించును. ప్రయాణములకు ధనము చాలదు. జూన్ నడుమ బడి తెరచువరకు ఆ యింట సెలవులకు అర్థమేమి?

1877లో నరేంద్రుడను బాలుడు, పిమ్మట వివేకానందస్వామి, తండ్రి చెంతకు రాయపూరు వచ్చెను. అప్పుడచట తగిన పాఠశాల లేదు. 1879లో కలకత్తాకు మరలువరకు ఇల్లే బడి. న్యాయవాదియైన తండ్రి విశ్వనాథదత్తు కుమారునితో దీర్ఘముగా సంభాషించెను, తనతో వాదింపనిచ్చెను, పెద్దల గోష్ఠిలో కూర్చుండనిచ్చెను.

ఆ పోలిక కార్మికునికి తగునా? అడుగదగిన ప్రశ్నయే. ఎనిమిది గంటలు వేడిమిలో నిలిచిన దేహమును మాటలకు పిలుచుట సులభము కాదు. అలసి మౌనము వహించినవానిని నిందించుట ధర్మమును కాదు. కాని విశ్వనాథుడిచ్చినది ధనముతో కొన్నది కాదు. బాలుని మాటను పెద్దవాని మాటవలె ఆలకించెను. బిడ్డకు ఇది దయగా కాక ఋణముగా చెల్లవలసినది.

తెల్లవారి ఇల్లు చేరిన తండ్రి, నిద్రకు మునుపు, బోరే బాసి, అనగా నీట నానిన చద్దియన్నము, ఉల్లిపాయతో భుజించుచుండగా, రాయి ఇనుమెట్లగునని పిల్లవాడు అడుగవచ్చును. తండ్రికి తెలియును: ఖనిజమును బొగ్గుతో కాల్చగా, కరగకుండనే అందలి ప్రాణవాయువు విడిపోవును, మిగులునది స్పంజివలె రంధ్రములుగల ఇనుము. చెప్పుటకు నాలుగు ముద్దలు తినునంత సేపు చాలును. పిల్లవాడు రెండవ ప్రశ్న వేయును.